సంగీత శాఖకు సొంత కంప్యూటర్ గది: 14 లక్షలు, మార్చి 31 గడువు. ఏం కొనాలి?

సహానా_టీచర్ · జనవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వీణ చెప్తాను. ఏ ఊరో వద్దులెండి. మా శాఖకు కంప్యూటర్ ల్యాబ్ కోసం 14 లక్షలు మంజూరయ్యాయి. తంబురా తీగలకు 1,200 రూపాయలు అడిగితే మూడు నెలలు ఫైలు తిరిగే చోటు మాది. అలాంటిది ఒక్కసారిగా ఇంత డబ్బు వచ్చేసరికి సంతోషం కంటే టెన్షన్ ఎక్కువైంది. మార్చి 31 లోపు ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది.

గది 30 అడుగులకు 20 అడుగులు. పాత వీణలు, విరిగిన కుర్చీలు పడేసిన స్టోరు. పైన డాన్స్ వాళ్ల ప్రాక్టీసు హాలు. పక్కన సైకిల్ స్టాండు.

కంప్యూటర్ సైన్స్ వాళ్లను సలహా అడిగితే పాపం వెంటనే ఒక కాగితం రాసిచ్చారు. 30 డెస్క్‌టాప్‌లు, ఒక ప్రొజెక్టరు, 30 చక్రాల కుర్చీలు. లెక్క సరిగ్గా 14 లక్షలకు కుదిరింది. అందులో మైకు అన్న మాట ఎక్కడా లేదు.

మా దగ్గర గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం కలిపి 52 మంది పిల్లలు. నాకు కావాల్సింది ఇంతే: పిల్లలు తమ సాధన రికార్డు చేసుకుని వినాలి. స్వరాలు తెలుగులో టైపు చేయడం రావాలి. పరిశోధన చేసేవాళ్లు రాగాన్ని గ్రాఫులో చూడగలగాలి. బీరువా నిండా పాత క్యాసెట్లున్నాయి, అవి పాడైపోకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

ఫేడర్_శ్రీను · జనవరి 9, రాత్రి 10:15

మేడం, ముందు ఆ కాగితం చింపేయండి. 30 డెస్క్‌టాప్‌లు పెడితే అది టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ అవుతుంది.

హైదరాబాద్‌లో స్టూడియోలో పని చేస్తాను. రేపు తీరిగ్గా రాస్తా.

పద్దుల_తాతయ్య · జనవరి 10, ఉదయం 6:05

అమ్మా, నేను ఒక యూనివర్సిటీలో అకౌంట్స్ సెక్షన్‌లో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. కంప్యూటర్ల గురించి నాకు తెలియదు. ఫైళ్ల గురించి తెలుసు.

మంజూరు ఉత్తర్వు బయటకు తీసి, అందులో "నాన్ రికరింగ్" అని ఉందో, "రికరింగ్" అని కూడా ఉందో చూడండి. నాన్ రికరింగ్ అంటే పరికరాలు, ఫర్నిచరు. స్టాకు రిజిస్టరులో ఎక్కేవి. తీగలు, ప్లగ్గులు, హెడ్‌ఫోన్ మెత్తలు, ఏటా కట్టే సాఫ్ట్‌వేర్ చందా ఇవన్నీ దాంట్లోంచి కొంటే ఆడిట్‌లో పట్టుకుంటారు. ఉత్తర్వులో రికరింగ్ లేకపోతే శాఖ సొంత నిధి నుంచి ఏటా ఎంతో కొంత ఇస్తామని ఇప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. తర్వాత ఎవరూ ఇవ్వరు.

రెండోది. టెండరయినా, జెమ్ పోర్టల్ (ప్రభుత్వ సంస్థలు సామాను కొనే సైటు) అయినా, మీరు స్పెసిఫికేషన్ ఎంత బాగా రాస్తే అంత మంచి వస్తువు వస్తుంది. కంపెనీ పేరు రాయకూడదు. కానీ "మంచి హెడ్‌ఫోన్లు" అని రాశారనుకోండి, తక్కువ రేటు వేసినవాడు బస్టాండులో దొరికే రకం తెచ్చి పెడతాడు, మీరు తీసుకోవాలి. "చెవిని పూర్తిగా మూసేవి, వైరు ఊడదీసి మార్చుకునేవి, మెత్తలు విడిగా దొరికేవి" ఇలా గుణాలు రాయండి.

మూడోది, కమిటీలో మీ శాఖ మనిషి ఒకరు తప్పకుండా సంతకం పెట్టేలా చూడండి. మార్చి 28న బిల్లు పెడితే ఎవరూ చూడరు. ఫిబ్రవరి ఆఖరుకల్లా సామాను గదిలో ఉండాలి.

ముఖారి_మాస్టారు · జనవరి 10, ఉదయం 7:30

నాకు 74 ఏళ్లు. నలభై ఏళ్లు పాఠం చెప్పాను. ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. సంగీతానికి కంప్యూటర్ ఎందుకమ్మా? పిల్లలు ఇప్పటికే ఫోన్‌లో శ్రుతి పెట్టుకుని తంబురా పట్టుకోవడం మానేశారు. తంబురా మీటుతూ మీటుతూ ఉంటే వచ్చే ఆ చెవి యాప్‌తో రాదు. ఇక కీబోర్డులు కూడా కొంటారు. దాని మీద గమకం ఎలా పలుకుతుంది? హార్మోనియం మన స్వరాలకు పనికిరాదని ఆకాశవాణి 1940లో నిషేధించి మూడు దశాబ్దాలు దూరం పెట్టింది. ఇప్పుడు మనమే డబ్బు పోసి తెస్తున్నాం.

14 లక్షలకు ఎన్ని మంచి తంబురాలు వస్తాయో లెక్క వేయండి.

సహానా_టీచర్ · జనవరి 10, ఉదయం 8:10

మాస్టారూ, మీ మాట కాదనలేను. కానీ ఈ డబ్బుతో తంబురాలు కొననివ్వరు. ఉత్తర్వులో "కంప్యూటర్ సౌకర్యం" అని ఉంది.

తాతయ్య గారూ, ఉత్తర్వు చూశాను. మొత్తం నాన్ రికరింగే. మీరు చెప్పకపోతే నాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

గమకం_గీత · జనవరి 10, మధ్యాహ్నం 1:20

మాస్టారు గారికి నమస్కారం. తోడి రాగంలో గాంధారం మీద పరిశోధన చేస్తున్నాను, అందుకే ఒక్క ఉదాహరణ.

పుస్తకంలో తోడికి సాధారణ గాంధారం అని రాసి ఉంటుంది. లెక్కలో చూస్తే అది షడ్జానికి దాదాపు 300 సెంట్ల పైన ఉండాలి (ఒక స్థాయికి 1,200 సెంట్లు). మా క్లాసులో ఒక అమ్మాయి పాడింది రికార్డు చేసి, శ్రుతిని గీతగా చూపించే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచాను. ఆ గీత 300 దగ్గర నిలబడనే లేదు! రిషభం వైపు దిగి, మధ్యమం వైపు లేచి, అలలా ఊగుతోంది. మనం గాంధారం అని వింటున్నది ఆ ఊపునే. కీబోర్డు మీద గాంధారం మెట్టు నొక్కితే తోడి ఎందుకు వినపడదో పిల్లలకు గంటసేపు చెప్పాను, అర్థం కాలేదు. ఆ గీత చూసి అర నిమిషంలో అర్థమైంది. పైగా ఆ అమ్మాయే "మేడం, రెండోసారి పాడినప్పుడు నా ఊపు సగానికే ఆగింది" అంది. అది నేను చెప్పలేదు, తనే చూసుకుంది.

అంటే మాస్టారూ, మీరు కీబోర్డు గురించి అన్నదాన్ని రుజువు చేయడానికే మాకు కంప్యూటర్ పనికొచ్చింది.

సహానా మేడం, ఈ పనికి పైసా ఖర్చు లేదు. ప్రాట్ ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో ఉచ్చారణ శాస్త్రం వాళ్లు తయారు చేసింది, ఉచితం. డచ్చి భాషలో ఆ మాటకు "మాట్లాడు" అని అర్థమట. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వాళ్ల సోనిక్ విజువలైజర్ కూడా ఉచితమే, సంగీతానికి అది ఇంకా సుఖం. బార్సిలోనాలో పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్లు 2011 నుంచి కొన్నేళ్లు కర్ణాటక సంగీతం మీద కంప్యూటర్‌తో చాలా పని చేశారు, హిందుస్తానీ, టర్కీ, చైనా, అరబ్ సంగీతాలతో పాటు. వాళ్ల డున్యా సైటు ఒకసారి చూడండి. ఇంతటి పని మన శాఖల్లో ఎందుకు మొదలవలేదా అని నాకు ఎప్పుడూ కొంచెం కడుపుమంట.

ఒక జాగ్రత్త. తంబురా, వయొలిన్, గొంతు అన్నీ ఒకే మైకులో పడితే సాఫ్ట్‌వేర్ తికమక పడుతుంది. తంబురాను పాడేవాళ్ల హెడ్‌ఫోన్‌లో మాత్రమే వినిపించి, మైకులోకి గొంతు ఒక్కటే వెళ్లేలా చూసుకోండి.

ఫేడర్_శ్రీను · జనవరి 10, రాత్రి 11:50

ఆలస్యానికి సారీ, డబ్బింగ్ పని ఉండింది.

మేడం, పది సీట్లు చాలు. 52 మంది ఒకేసారి కూర్చోరు. మిగిలిన డబ్బు గదికి, చెవులకు, మైకులకు పెట్టండి. డెస్క్‌టాప్‌కు 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే మీ పనికి ఎక్కువే. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. డబ్బా ఎంత చప్పుడు చేస్తుంది అన్నదే చూడండి. మామూలు ఆఫీసు డబ్బాలు పది కలిసి ఫ్యాన్లు తిప్పితే ఆ హోరు మీద వీణ అనుమంద్రం వినపడదు. పిడికిలంత చిన్న పీసీలు వస్తున్నాయి, మానిటర్ వెనక బిగించేయొచ్చు.

గది సగమే బల్లలు పెట్టండి. ఇది అందరూ మర్చిపోతారు. మన వాళ్లు కింద కూర్చుని పాడతారు, కింద కూర్చుని వాయిస్తారు. చక్రాల కుర్చీలో కూర్చుని వీణ ఎలా వాయిస్తారు? మిగతా సగంలో జంబుఖానా పరిచి, అడుగు ఎత్తు కూడా లేని మైకు స్టాండ్లు పెట్టండి. మామూలు స్టాండు అంత కిందికి దిగదు, పొట్టివి విడిగా అడగాలి.

గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించమని ఎవరైనా చెప్తే వినకండి. బయటి చప్పుడు వాటితో ఆగదు, నిప్పు అంటుకుంటే మాత్రం క్షణాల్లో మండుతాయి. రాక్‌ఊల్ పలకలకు గుడ్డ చుట్టించి గోడల మీద కొన్ని చోట్ల పెట్టించండి, మందపాటి పరదాలు వేయించండి. గదిలో మోత తగ్గుతుంది. పైన డాన్స్ హాలు గజ్జెల మోత మాత్రం దేనితోనూ తగ్గదు. కాళ్ల దెబ్బ శ్లాబులోంచి నేరుగా దిగుతుంది. దానికి మందు టైంటేబులే. తట్టడవులు వాళ్లు ఏ పూట చేస్తారో కనుక్కుని రికార్డింగ్ ఇంకో పూట పెట్టుకోండి.

ఇక ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె. కంప్యూటర్‌లో ఉండే మైకు రంధ్రంలో ఏదీ గుచ్చకండి. సీటుకు ఒక చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ కావాలి, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే మైకుకు వెళ్లే కరెంటు) ఇచ్చేది, లేకపోతే కండెన్సర్ మైకు పలకదు. అందులో "డైరెక్ట్ మానిటరింగ్" మీట ఉండాలి, అది గొంతును కంప్యూటర్‌లోకి తిప్పకుండా నేరుగా హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. ఎందుకంటే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి హెడ్‌ఫోన్‌లోకి వచ్చేసరికి ఆలస్యం అవుతుంది. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల శాంపిళ్లు) దగ్గర బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగేసే శాంపిళ్లు, 256 పెడితే ఒక వైపుకు సుమారు 5 మిల్లీసెకన్లు, 1024 పెడితే 21. రానూపోనూ దానికి రెట్టింపు పైనే. మృదంగం పిల్లాడు మూడో కాలంలో వాయిస్తుంటే ఆ తేడాకు చెయ్యి తడబడుతుంది. పాపం తనకే తాళం తప్పుతోందనుకుంటాడు.

డల్లాస్_బాబు · జనవరి 11, ఉదయం 5:15

అన్నిటికీ యాపిల్ మ్యాక్‌లు, వాటి మీద నడిచే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లాజిక్ ప్రో తీసుకోండి, తలనొప్పి ఉండదు. ఇక్కడ యూనివర్సిటీల్లో అంతా అదే. నేను రెండు పాత మిక్సర్లు పంపగలను కావాలంటే.

పద్దుల_తాతయ్య · జనవరి 11, ఉదయం 6:00

బాబూ, మంచి మనసు. కానీ విదేశం నుంచి వచ్చిన దానం యూనివర్సిటీ స్టాకులో ఎక్కాలంటే, దానికంటే మీరే వచ్చి కచేరీ చేయడం తేలిక.

ఫేడర్_శ్రీను · జనవరి 11, ఉదయం 9:30

మ్యాక్‌లు బాగుంటాయి డల్లాస్ అన్నా, కాదనను. కానీ ఒకటి చెడితే బాగుచేసేవాడు మేడం ఊళ్లో ఉండాలి కదా. రికార్డింగ్ నేర్పడానికి ఆడాసిటీ చాలు, 2000 నుంచి ఉంది, ఉచితం. కొంచెం పెద్ద పనికి రీపర్. అది ఉచితం కాదు, 60 రోజుల తర్వాత కూడా ఆగకుండా నడుస్తుంది కాబట్టి అందరూ ఉచితమని వాడేస్తారు. రాయితీ లైసెన్సు 60 డాలర్లు. పది సీట్లకు కొనండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కటీ పెట్టకండి.

అచ్చుతప్పు · జనవరి 11, మధ్యాహ్నం 12:40

విజయవాడలో డీటీపీ చేస్తాను. సంగీతం పుస్తకాలు నాలుగైదు కట్టాను కాబట్టి చెప్తున్నా: మేడం గారూ, మీ అన్నిటిలోకీ కష్టమైంది స్వరం టైపు చేయడమే.

మ్యూజ్‌స్కోర్ చాలామంది చెప్తారు. ఉచితం, మంచిదే, కానీ అది పాశ్చాత్యుల ఐదు గీతల స్వరలిపికి. మన "సా రి గ మ"కు కాదు. మన దగ్గర పాత ప్రెస్సులన్నీ యూనికోడ్ కాని అను ఫాంట్లలో కట్టాయి. ఆ ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల కిచిడీ. మీ ల్యాబులో మొదటి రోజు నుంచీ యూనికోడ్ మాత్రమే వాడించండి. ఒక్క పరీక్ష పేపరు కూడా పాత ఫాంటులో కట్టనివ్వకండి.

అసలు తంటా చుక్కలతో. తారస్థాయికి పైన చుక్క, మంద్రానికి కింద చుక్క. యూనికోడ్‌లో చుక్క గుర్తులున్నాయి గానీ తెలుగు అక్షరం మీద కొన్ని ఫాంట్లలో పక్కకు జారుతుంది, కొన్నిటిలో చుక్కల గుండ్రం ఒకటి ఊడిపడుతుంది. "సా"కు కింద చుక్క పెట్టబోతే దీర్ఘం కొమ్ముకు తగులుకున్నట్టు వచ్చి నేను ఒక రాత్రంతా కూర్చున్నాను. చివరికి ఏం చేశానంటే పట్టిక గీసుకున్నా. ఆది తాళానికి ఎనిమిది గళ్లు. ప్రతి స్వరం వరసకూ పైన సన్నగా ఒక వరస, కింద సన్నగా ఒక వరస. చుక్కలు ఆ సన్న వరసల్లో వేసి గీతలు కనపడకుండా తీసేశా. సాహిత్యం అడుగున ఇంకో వరస. మొదటిసారి మూస తయారు చేయడానికి రెండు రోజులు పట్టింది, ఇప్పుడు కృతికి గంట.

సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో అచ్చు వేయించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని గమకాలకు విడిగా గుర్తులతో సహా తెలుగు లిపిలోనే వచ్చింది. సీసం అక్షరాలతో వాళ్లు చేసిన పనికి ఇవాళ మన కంప్యూటర్‌లో సరైన ఫాంటు లేదు. మీ ల్యాబు పిల్లలు ఎవరైనా ఆ గుర్తులతో ఒక ఫాంటు చేస్తే వాళ్లకు నేను భోజనం పెడతా.

ఎర్తింగ్_అన్న · జనవరి 11, సాయంత్రం 6:20

ఎవరూ కరెంటు మాట ఎత్తలేదు. గదికి విడిగా ఎర్తింగ్ వేయించారా? పాత బిల్డింగుల్లో ఎర్తు పేరుకే ఉంటుంది. మైకు పెట్టగానే "మ్‌మ్‌" అని ఒక మోత వస్తుంది, మైకు మార్చినా, కేబుల్ మార్చినా పోదు. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ కొలిపించండి. మూడు దాటితే ఎలక్ట్రీషియన్‌ను వదలకండి. ఆడియో సామానంతా ఒకే ఫేజు మీద పెట్టండి, ఏసీ వేరే లైను మీద. చౌక రకం ఎల్‌ఈడీ లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు కూడా మైకులో గీ అంటాయి.

యూపీఎస్ గది బయట పెట్టించండి, దాని ఫ్యాను కూడా చప్పుడే. ఏసీ అంటారా, రికార్డింగ్ టైములో ఆపాల్సిందే. మే నెలలో పదిహేను నిమిషాలు ఏసీ లేకుండా కల్యాణి ఆలాపన చేసినవాళ్లకు వేరే మార్కులు ఇవ్వాలి.

నాలుగో_తీగ · జనవరి 11, రాత్రి 8:00

నేను ఇంకో యూనివర్సిటీలో ఎంఏ వయొలిన్ చదువుతున్నాను. నాకు చూపు లేదు. ఇంతవరకు అందరి పోస్టులూ విన్నాను. "గ్రాఫు చూడాలి", "గీత చూసింది" అన్నారు. బాగుంది. మా శాఖలోనూ ఇలాగే ల్యాబ్ పెట్టారు, రెండేళ్లుగా నేను దాని గుమ్మం దాటింది మూడుసార్లు.

మేడం, మీ 52 మందిలో చూపు లేనివాళ్లు ఎంతమంది? సంగీతం శాఖ కదా, ఉండకపోరు.

చేయాల్సింది పెద్దదేం కాదు. ప్రతి కంప్యూటర్‌లోనూ ఎన్వీడీఏ వేయండి. తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది, ఉచితం, పెన్‌డ్రైవ్‌లోంచి కూడా నడుస్తుంది. తెలుగు గొంతు రోబో మాట్లాడినట్టుంటుంది గానీ అలవాటైపోతుంది. "ఒక్క సిస్టంలో వేశాం, నువ్వు అందులోనే కూర్చో" అనొద్దు. రీపర్ కొనమన్నారు శ్రీను అన్న, మంచి మాట. దానికి ఒసారా అని ఒక తోడు ఉంటుంది, అది వేస్తే నేను మౌస్ ముట్టుకోకుండా రికార్డు చేసి, కత్తిరించి, అతికిస్తాను. ఆడాసిటీ కంటే నాకు అదే తేలిక.

ఒక చిక్కుంది. చదివే గొంతు, నేను రికార్డు చేసే పాట రెండూ ఒకే హెడ్‌ఫోన్‌లో కలిసిపోతాయి. షడ్జం పట్టుకుందామనుకునే లోపు "ట్రాక్ టూ ఆర్మ్‌డ్" అంటుంది. నేను ఎన్వీడీఏ గొంతును కంప్యూటర్ సొంత సౌండ్ కార్డుకు మళ్లించి చిన్న ఇయర్‌ఫోన్ ఒకటి ఎడమ చెవిలో పెట్టుకుంటాను. పాట ఇంటర్‌ఫేస్ నుంచి పెద్ద హెడ్‌ఫోన్‌లో, కుడి చెవి మీద. పది రూపాయల ఖర్చు లేదు.

సోనిక్ విజువలైజర్ గ్రాఫు నాకు ఉపయోగపడదు. కానీ అదే అంకెల పట్టికగా బయటకు తీయొచ్చు, అప్పుడు నేనూ చదువుతాను. ఇంకొకటి, కేబుళ్లు నేల మీద పారేయకండి. కుర్చీలు బల్ల కిందికి తోసి వెళ్లమని అందరికీ చెప్పండి. మా ల్యాబులో నేను మూడోసారి వెళ్లినప్పుడు ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తట్టుకుని పడ్డాను, వయొలిన్ కింద పడలేదు, అదే సంతోషం.

సహానా_టీచర్ · జనవరి 11, రాత్రి 9:25

ముగ్గురున్నారు బాబూ. ఒక అమ్మాయి నా దగ్గరే వీణ. మూడేళ్లుగా రోజూ చూస్తున్నాను. మొదటి పోస్టులో ఇంత రాసిన నాకు ఆ పిల్ల గుర్తు రాలేదు. ఏం చెప్పను.

రేపు పొద్దున్నే ఆ ముగ్గురినీ గదికి తీసుకెళ్లి, ఏది ఎక్కడుండాలో వాళ్లనే అడుగుతాను.

కోట_జంక్షన్ · జనవరి 11, రాత్రి 10:10

మాది విజయనగరం. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. దివాణంలో ఒక ఉద్యోగి గారి చూపు లేని అబ్బాయి కోసమే రాజావారు ఆ కాలేజీ తెరిచారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత ప్రిన్సిపాలైన ద్వారం వెంకటస్వామినాయుడు గారికి కూడా చూపు సరిగా లేదు. మనకు కొత్త విషయమేం కాదు ఇది.

టేపుల_రాజు · జనవరి 12, మధ్యాహ్నం 3:30

క్యాసెట్ల సంగతి నేను చెప్తాను. సొంత సరదాతో ఆరేడు వందలు ఎక్కించాను.

ఆన్‌లైన్‌లో దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్ కొనకండి. వేగం నిలకడగా ఉండదు. శ్రుతి అర మెట్టు పైకో కిందికో పోతే మన సంగీతంలో ఇంకేం మిగిలింది? పాత డెక్కు మంచిది ఒకటి వెతికి సర్వీసింగ్ చేయించండి. ప్రతి నాలుగైదు క్యాసెట్లకూ హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, దూది పుల్ల గోధుమ రంగుకు మారుతుంది చూడండి, అది పాత టేపు నుంచి రాలిన పొడి. హెడ్డు పక్కన చిన్న మర ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ పోతే ఒక్క చోట పాట మీది పరదా తీసేసినట్టు స్పష్టమవుతుంది. క్యాసెట్ మారినప్పుడల్లా అది సరిచూసుకోవాలి. బూజు పట్టినవి డెక్కులో పెట్టకండి, విడిగా తీసిపెట్టండి, ఒకదాని బూజు అన్నిటికీ అంటుతుంది.

కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. స్టీరియో అయితే గంటకు సుమారు 1 జీబీ. 96 అయితే రెండు. వేవ్ ఫైలుగానే దాచండి, ఎంపీత్రీ వినడానికి మాత్రమే. మూడు కాపీలు, రెండు రకాల డిస్కుల మీద, ఒకటి వేరే బిల్డింగులో. సీ-90 క్యాసెట్ అంటే గంటన్నర, దాన్ని తొందరగా తిప్పే దారి లేదు, గంటన్నర కూర్చుని వినాల్సిందే. అలా వింటూ వింటూ నాకు రాగాలు పట్టుబడ్డాయి, గురువు లేకుండానే.

గమకం_గీత · జనవరి 12, రాత్రి 7:45

ఒకటి మర్చిపోయాను. ల్యాబుల్లో రీస్టార్ట్ చేయగానే అంతా పాత స్థితికి వచ్చే సాఫ్ట్‌వేర్ వేస్తుంటారు, వైరస్‌ల భయంతో. నేను ఎంఏ చదివిన చోట అదే ఉండేది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. 11 మందిమి పరీక్షకు రాగం తానం పల్లవి రికార్డు చేసి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నాం. పొద్దున వచ్చి చూస్తే డెస్క్‌టాప్ కడిగిన పళ్లెంలా ఉంది. అందరూ మళ్లీ పాడాం. ఒకమ్మాయికి గొంతు పట్టేసి రెండు వారాలు ఆగింది. ఫైళ్లన్నీ నెట్‌వర్క్ డిస్కులోకి పోయేలా మొదటి రోజే పెట్టించండి.

ఫేడర్_శ్రీను · జనవరి 12, రాత్రి 11:30

గీత గారి మాటకు తోడు: గది చూసుకునే మనిషి ఎవరు మేడం? నేను చూసిన ఒక శాఖలో 20 లక్షల సామాను తాళం వేసి ఉంది. తాళంచెవి హెడ్ గారి దగ్గర, హెడ్ గారు మీటింగులో. మైకుల అట్టపెట్టెలకు టేపు కూడా తీయలేదు.

సహానా_టీచర్ · జనవరి 13, ఉదయం 10:00

అటెండరు పోస్టు అడిగితే నవ్వారు. కాబట్టి ఇద్దరు సీనియర్ పిల్లలకు చెరో తాళంచెవి, సంతకాల పుస్తకం ఒకటి. హెడ్ గారు ముందు ఒప్పుకోలేదు. "పోతే ఎవరిది బాధ్యత?" అన్నారు. నాది అని రాసిచ్చాను.

చివరికి ఇలా పెడుతున్నాం. పది చిన్న పీసీలు, రికార్డింగ్‌కు పెద్దది ఒకటి, నెట్‌వర్క్ డిస్కు ఒకటి. సగం గది జంబుఖానా. కీబోర్డులు రెండే, 49 మెట్లవి, మాస్టారు క్షమించాలి. ఎర్తింగ్ కొలిపిస్తే ఏడు వోల్టులు వచ్చింది అన్నా, కొత్త గుంట తవ్వుతున్నారు. స్పెసిఫికేషన్ రెండు రాత్రులు కూర్చుని రాశాను. తాతయ్య గారికి మెసేజ్‌లో పంపాను, దిద్దిపెట్టండి.

ముఖారి_మాస్టారు · జనవరి 13, సాయంత్రం 5:40

కీబోర్డు సంగతి వదిలేయమ్మా. ఆ టేపుల అబ్బాయి రాసింది మావాడి చేత చదివించుకున్నాను. మా గురువు గారు 1981లో మా ఇంట్లో పాడినప్పుడు తీసిన క్యాసెట్లు నాలుగు నా పెట్టెలో ఉన్నాయి. ఇంట్లో వాటిని వినే యంత్రం లేక పదిహేనేళ్లయింది. మీ గది తయారయ్యాక తీసుకుంటారా?

సహానా_టీచర్ · జనవరి 13, సాయంత్రం 5:52

నేనే వచ్చి తెచ్చుకుంటాను మాస్టారూ. పోస్టులో వేయకండి.

సహానా_టీచర్ · ఆగస్టు 2, రాత్రి 9:15

చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. సామాను మార్చి 11న వచ్చింది. హెడ్‌ఫోన్లు మొదట వేరే రకం తెచ్చారు, వైరు ఊడదీయడానికి రాలేదు, స్పెసిఫికేషన్ చూపించి తిప్పి పంపాను. గది జూన్‌లో తెరిచాం. డాన్స్ వాళ్లతో ఒప్పందం: పొద్దున వాళ్లది, మధ్యాహ్నం రెండు తర్వాత మాది.

మాస్టారి గురువు గారి క్యాసెట్లలో మూడు బాగా వచ్చాయి, నాలుగోది బూజు. మొదటిది వీణ అమ్మాయి ఎక్కించింది, ఆ మర తిప్పి స్పష్టత పట్టుకోవడంలో మా అందరికంటే తన చెవే చురుకు. మాస్టారు వచ్చి జంబుఖానా మీద కూర్చుని విన్నారు. పాట మధ్యలో ఎవరో కాఫీ గ్లాసు పెట్టిన చప్పుడు వచ్చింది. "అది మా ఆవిడ" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ప్రస్తుతం నా సమస్య పావురాలు. కిటికీ గట్టు మీద కాపురం పెట్టాయి, ప్రతి రికార్డింగ్‌లోనూ అవే. ఎవరి దగ్గరైనా ఉపాయం ఉందా?

ఎర్తింగ్_అన్న · ఆగస్టు 2, రాత్రి 9:40

వల కట్టించండి మేడం. రికరింగ్‌లో వస్తుంది కదా తాతయ్యా?

పద్దుల_తాతయ్య · ఆగస్టు 3, ఉదయం 6:02

వస్తుంది. బిల్లులో "కిటికీ వల" అని రాయించండి. పావురాల ప్రస్తావన వద్దు, ఫైలు వెనక్కి వస్తుంది.